రేడియో విమానపు చేతిపెట్టెకు తగిన బ్యాటరీ

ఆకాశమున నెగురు యంత్రములు మన పల్లెలకు వచ్చి యెంతో కాలము కాలేదు. మొదట పెండ్లి ఊరేగింపులను ఫోటోలు తీయుటకు వచ్చినవి. పిమ్మట వరి, ప్రత్తి, మిరప చేలపై మందు చల్లుటకు వచ్చినవి. వీనికి ముందునుండియే పట్టణములలో కళాశాల విద్యార్థులు చిన్న విమానములను రేడియోచే నడపి యెగురవేయుచుండిరి. ఆ వేడుక యిప్పుడు మన సభ్యుల యిండ్లలోనికి సైతము ప్రవేశించినది. విమానము చిన్నదైనను పెద్దదైనను, వేడుకకైనను సేద్యమునకైనను, దానిని నడపువాని చేతిలో ఒక పెట్టె యుండును. దానిని ట్రాన్స్‌మిటరందురు, మనవారు రిమోటని పిలుచుచున్నారు. ఆ పెట్టెకు మఱల మఱల చార్జి చేసికొనదగిన బ్యాటరీ యెట్టిది కొనవలెనని సభ్యులు కొందఱు మమ్మడిగినందున ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

విమానములోని బ్యాటరీని గూర్చి యందఱును శ్రద్ధ వహింతురు. చేతిలోని పెట్టెను గూర్చి శ్రద్ధ వహించువారు తక్కువ. ఇది తలక్రిందులైన వ్యవహారము. ఎద్దు అలసినచో బండి నిలిచిపోవును. పగ్గము తెగినచో ఆ బండి యే కాలువలోనికి దిగునో యెవరు చెప్పగలరు? విమానములోని బ్యాటరీ తగ్గినప్పుడు దానిని నేలకు దింపుటకు కొంత వ్యవధి యుండును. చేతిపెట్టెలోని బ్యాటరీ పోయినచో ఆ క్షణమునుండి విమానమునకు యజమాని లేడు.

మా యెఱుకలో జరిగిన సంగతి యొకటి చెప్పెదము. మా సంఘ సభ్యుని కుమారుడొకడు, ఇంజనీరింగు చదువుచున్నవాడు, పాతదైన ట్రాన్స్‌మిటరును సగము ధరకు కొనెను. దానిలో ఎనిమిది సెల్లుల పాత బ్యాటరీ యుండెను. అది 600 మిల్లియాంపియరు గంటలది. దానిని తీసివైచి, అదే కొలతగల క్రొత్త సెల్లులు ఎనిమిదింటిని, 2000 మిల్లియాంపియరు గంటలవానిని తెచ్చి అమర్చెను. మంచి సరకే, ధరయు గట్టిదే. పాత పెట్టెతో వచ్చిన చార్జరునే వాడుచు, ప్రతి ఆదివారము సాయంకాలము ఇంటికి వచ్చినపిమ్మట రాత్రియంతయు చార్జి పెట్టుచుండెను. మూడు ఆదివారములు ఏ లోపమును లేదు. నాలుగవ ఆదివారము పెట్టె కూతపెట్టెను. బ్యాటరీ క్రొత్తది గదా, రాత్రియంతయు చార్జి చేసితిని గదా, ఇది తప్పుడు కూతయని తలచి ఆ పిల్లవాడు ఇంకొక చుట్టు త్రిప్పెను. ఆ చుట్టులోనే పెట్టె ఆరిపోయినది. విమానము ప్రక్కవారి కళ్లములో, ఎండబోసిన మిరపకాయలమీద పడి ముక్కలైనది. మిరప గలచుచున్న కూలీలు అప్పుడే అన్నమునకు లేచి చెట్టు క్రిందికి పోయియుండిరి. వారక్కడనే యున్నచో ఈ వ్యాసమును మేము వేరు విధముగ వ్రాయవలసివచ్చెడిది.

సెల్లులలో దోషము లేదు. దోషము లెక్కలో నున్నది. సంఘపు ఖాతాలు చూచు అలవాటుగల మన సభ్యులకు ఈ లెక్క సులభముగా బోధపడును.

ముందుగా రెండు మాటల అర్థము తెలిసికొనవలెను. బ్యాటరీపై వోల్టులని వ్రాసియుండును. అది చెఱువులో నీటి మట్టము వంటిది. మట్టము చాలనిచో తూము పాఱదు. మితిమీరినచో గట్టు తెగును. మిల్లియాంపియరు గంటలని వ్రాసియుండునది, అంగడివారు ఎం.ఏ.హెచ్. అని చెప్పునది, చెఱువులోని నీటి పరిమాణము వంటిది. ఎంతసేపు పాఱునో దానినిబట్టి తెలియును. గంటకు 200 మిల్లియాంపియరు గంటల చొప్పున వాడుకొను పెట్టెకు 2000 గల బ్యాటరీ పది గంటలు రావలెను. అనుభవమున ఎనిమిదిగా లెక్కించుకొనుట మేలు.

ఇప్పుడు ఆ పిల్లవాని ఖాతాను చూతము. ఈ క్రొత్త రకపు సెల్లులు కర్మాగారమునుండియే కొంత చార్జితో వచ్చును. అది నూటికి డెబ్బది వంతులనుకొన్నచో 1400 ప్రారంభపు నిలువ. ఆదివారమునకు మూడు గంటలు వాడినచో 600 ఖర్చు. పాత చార్జరు ఇచ్చునది 50 మిల్లియాంపియరులు మాత్రమే. రాత్రి పది గంటలు పెట్టినచో 500 జమ. అందులో ఇంచుమించు మూడవ వంతు వేడిమిగా పోవును గనుక నిజమైన జమ 330. మొదటి ఆదివారము 1400లో 600 పోగా 800, జమతో 1130. రెండవ ఆదివారము 600 పోగా 530, జమతో 860. మూడవ ఆదివారము 600 పోగా 260, జమతో 590. నాలుగవ ఆదివారము మూడు గంటలు నిండకమున్నే ఖాతా శూన్యము. నడుమ ఒక రాత్రి కరెంటు పోయినచో ఇంకను ముందే శూన్యమగును. వారము వారము జమకన్న ఖర్చు ఎక్కువగా నున్న సంఘము ఏమగునో మనకందఱకు తెలిసినదే.

ఆ పాత చార్జరుతో 2000 గల బ్యాటరీని పూర్తిగా నింపవలెనన్నచో అఱువది గంటలు పట్టును. అది 600 గల పాత బ్యాటరీకొఱకు చేసినది. దానికి రాత్రి చాలెడిది. కావున పెద్ద బ్యాటరీ కొనువాడు దానికి తగిన చార్జరును గూడ కొనవలెను. బావి లోతు చేసి మోటారు మార్చనివానికి నీరెట్లు వచ్చును?

ఇక బ్యాటరీల రకములకు వత్తము. తొలుత నికెలు-కాడ్మియము. దీనిని స్వీడను దేశీయుడగు వాల్డెమార్ యుంగ్నర్ 1899లో కనిపెట్టెను. చాలకాలము రేడియో విమానముల చేతిపెట్టెలన్నిట ఇదియే యుండెడిది. దెబ్బకు ఓర్చుకొనును, బహుకాలము మన్నును. సగమే వాడి మఱల మఱల చార్జి చేసినచో ఆ సగమునకే అలవాటుపడునను అపవాదు దీనికి గలదు. అంతకన్న పెద్ద దోషము కాడ్మియము విషమగుట. యూరపు దేశములు 2006 సంవత్సరపు శాసనముచే చేతితో మోయదగిన చిన్న బ్యాటరీలలో దీని వాడుకను చాలవఱకు నిషేధించినవి. ఇప్పుడు దీనిని క్రొత్తగా కొనవలసిన యగత్యము లేదు. పాత పెట్టెలో నున్నచో తీసివేయుడు.

రెండవది నికెలు-మెటల్ హైడ్రైడు. గడియారములో వేయు పెన్సిలు సెల్లు పరిమాణములోనే దొరకును, సెల్లొకటికి 1.2 వోల్టులు. మొదట వచ్చిన రకమునకు ఒక దుర్గుణముండెను. వాడకుండ ఊరకయుంచినను నెలకు ఇరువది ముప్పది వంతులు తనంతట తానే కారిపోయెడిది. చిల్లికుండలో నీరు పోసినట్లు. 2005లో సాన్యో సంస్థ ఎనెలూప్ అను పేరుతో ఈ కారుడు మిగుల తక్కువగానుండు సెల్లులను తెచ్చెను. తరువాత ఇతరులును అట్టివానిని చేయుచున్నారు. ఇవి సంవత్సరము మూలపడియున్నను మూడింట రెండు వంతులకుపైగా నిలుపుకొనును. పెన్సిలు సెల్లు పట్టు చేతిపెట్టె గలవానికి మేమిచ్చు సలహా ఇదియే: కారుట తక్కువైన ఈ రకములో 2000 గల సెల్లులను కొనుడు. 2500, 2600 గల సెల్లులు అంగడిలో దొరకును. కాని అవి త్వరగా కారును, త్వరగా ముసలివగును. ఎక్కువ అంకెకు ఆశపడవలదు.

అంకెలను గూర్చి ఇంకొక మాట. కొన్ని అంగళ్లలో పెన్సిలు సెల్లుపై 4000 అనియు, 18650 అను పెద్ద లిథియము సెల్లుపై 9900 అనియు అచ్చువేసి అమ్ముచున్నారు. ఇది శుద్ధ అబద్ధము. ఈ జాతి పెన్సిలు సెల్లునకు 2800కు మించుట కష్టము. 18650 సెల్లులో పేరుగలవారు చేయునది సామాన్యముగా 3500కు లోపుననే యుండును. మోసమును పట్టుటకు తక్కెడ చాలును. నిజమైన 18650 సెల్లు ఇంచుమించు 45 గ్రాములు తూగును. మంచి పెన్సిలు సెల్లు 26, 27 గ్రాములు తూగును. 30 గ్రాములే తూగు పెద్ద సెల్లుపై 9900 అని యున్నచో, అచ్చువేసినవాడు మన తెలివిని తూచినాడని గ్రహింపవలెను. విత్తనపు సంచులపై రంగుల బొమ్మలు చూచి నష్టపడిన మనకు ఇది క్రొత్త కాదు.

మూడవది లిథియము జాతి. సోనీ సంస్థ 1991లో దీనిని తొలిసారి అంగడికి తెచ్చెను. దీనికి మూలమైన పరిశోధనలకు గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో అను మువ్వురకు 2019లో నోబెలు బహుమానము వచ్చెను. మన సెల్‌ఫోనులలో నున్నది ఇదియే. సెల్లొకటికి 3.7 వోల్టులు, నిండినప్పుడు 4.2. బరువు తక్కువ, నిలువ యెక్కువ, ఊరకయున్నను కారుట స్వల్పము. మఱి దోషమేమనగా ఇది కోపిష్ఠి. మితిమీరి నింపినను, 3 వోల్టులకన్న క్రిందికి దింపినను, మేకు గ్రుచ్చుకొన్నను, లోన ముట్టుకొనరాని తీగెలు ముట్టుకొన్నను చెడిపోవును, నిప్పు కూడ అంటుకొనవచ్చును. దీనికని చేసిన చార్జరు తప్ప వేఱొకటి పెట్టరాదు. క్రొత్త ట్రాన్స్‌మిటరులు పెక్కు ఈ సెల్లులు రెండింటితో, అనగా 7.4 వోల్టులతో పనిచేయునట్లు చేయబడుచున్నవి. పెట్టెతో వచ్చిన పుస్తకములో అట్లు వ్రాసియున్నప్పుడే వాడవలెను.

ఇచ్చట ఒక ప్రమాదమును విస్పష్టముగా చెప్పవలసియున్నది. పెన్సిలు సెల్లు పరిమాణములోనే లిథియము సెల్లు గూడ దొరకును. దానికి 14500 అని పేరు. చూచుటకు రెండును కవలలే. నాలుగు పెన్సిలు సెల్లులతో, అనగా ఆఱు వోల్టుల లోపున నడచు పెట్టెలో ఈ నాలుగింటిని వేసినచో నిండు చార్జిలో 16.8 వోల్టులగును. పెట్టె కాలిపోవును. అంగడివాడు ఇచ్చినదానిని అట్లే వేయక దానిపై వోల్టులెన్ని వ్రాసియున్నవో చదువుడు; చదువురానివారు చదివించుకొనుడు.

లిథియములోనే శాంతస్వభావముగల శాఖ యొకటి గలదు. అది లిథియము-ఐరను-ఫాస్ఫేటు. టెక్సాసు విశ్వవిద్యాలయమున జరిగిన పరిశోధన ఫలితముగా 1997లో దీనిని గూర్చి ప్రకటించిరి. ఆ పత్రముపై గుడెనఫ్ పేరితోబాటు పాఢీ, నంజుండస్వామి అను మనదేశపు పేర్లును గలవు. సెల్లొకటికి 3.2 లేక 3.3 వోల్టులు, నిండినప్పుడు 3.6. నిలువ కొంత తక్కువైనను ఆయుర్దాయము మెండు, నిప్పు భయము చాల తక్కువ. ఎనిమిది నికెలు సెల్లుల పాత పెట్టె 9.6 వోల్టులది గదా. దానికి ఈ సెల్లులు మూడు చేర్చినచో ఇంచుమించు సరిపోవును. కోపిష్ఠి లిథియము మూడు చేర్చినచో నిండినప్పుడు 12.6 అగును, కొన్ని పాత పెట్టెలు దానికి వేడెక్కి చెడును. అందుచే పాత పెట్టెకు లిథియము పెట్టదలచినవారు ఈ శాంత శాఖనే యెన్నుకొనుట మంచిది. అయితే దీనికొక గుణము గలదు. చివరివఱకు వోల్టులు తగ్గక ఒక్కసారిగా పడిపోవును. పెట్టె కూత పెట్టునప్పటికి వ్యవధి మిగులదు. కావున కూతను నమ్మక గడియారమును నమ్మవలెను. నిండు చార్జి తరువాత ఎన్ని గంటలు వాడితిమో పెట్టె వెనుక కాగితమంటించి వ్రాసికొనుట మేము చూచినవానిలో ఉత్తమమైన పద్ధతి.

చార్జి చేయుటలో మెలకువలు కొన్ని గలవు. నికెలు జాతికి పదవ వంతు ప్రవాహముతో, అనగా 2000 గలదానికి 200 మిల్లియాంపియరులతో, 14 నుండి 16 గంటలు పెట్టుట పాత మర్యాద. అంతకన్న మేలైనది, ఒక్కొక్క సెల్లును వేఱువేఱుగా చూచి నిండినవెంటనే తానే ఆగు చార్జరు. సెల్లులను పెట్టెనుండి తీసి దానిలో పెట్టి చేయవలెను. ఇట్లు చేసినచో ఎనిమిదింటిలో ముసలిదైన యొకటి యేదో కూడ బయటపడును. ఆ యొకటియే తక్కిన యేడింటిని ముంచును. క్రొత్తవానిని పాతవానిని కలిపి వేయరాదు. కాడికి కోడెను, ముసలి యెద్దును కట్టినట్లగును. పెట్టెకున్న రంధ్రముద్వారా చార్జి చేయునప్పుడు ఒక సంగతి యెఱిగియుండవలెను. పాత పెట్టెలు కొన్నింటిలో ప్రవాహము వెనుకకు రాకుండ డయోడు అను కట్టడముండును. దానివలన తెలివిగల చార్జరు సైతము లోపలి బ్యాటరీ స్థితిని చూడజాలక తికమకపడును. చార్జికి పనికిరాని మామూలు డ్రై సెల్లులను పెట్టెలో నుంచి చార్జరు తగిలించినచో అవి పగిలి లోపలి ద్రవము పెట్టెను తినివేయును.

మన వేసవిని గూర్చి చెప్పక తప్పదు. చార్జరులు, బ్యాటరీలు చేయువారు సామాన్యముగా 45 డిగ్రీల వేడిమి దాటినచో చార్జి చేయవలదని వ్రాయుదురు. రోహిణి కార్తెలో రేకుల షెడ్డు క్రింద మధ్యాహ్నపు వేడిమి యెంతయుండునో పాఠకులకు మేము చెప్పనక్కఱలేదు. తెల్లవాఱుజామున, గాలియాడు చోట, గచ్చుమీద నుంచి చార్జి చేయుడు. ప్రత్తి నిలువచేసిన గదిలోను, వరిగడ్డి చెంతను వలదు. ఎండలో నడిపిన పెట్టెను చల్లారనిచ్చి పిమ్మట చార్జరు తగిలింపుడు. మోటారు సైకిలు డబ్బాలోను, కారు అద్దము క్రిందను దానిని మఱచిపోవుట కూడ చార్జి చేయుటవలెనే హానికరము.

వాడని నెలలలో లిథియము సెల్లులను సగము చార్జితోను, నికెలు సెల్లులను పెట్టెనుండి తీసియు ఉంచవలెను. భుజమున తగిలించుకొను బ్యాటరీ స్ప్రేయరులో నుండు 12 వోల్టుల సీసపు బ్యాటరీ సంగతి దీనికి విరుద్ధము. దానిని నింపియే యుంచవలెను, నెలకొకమాఱు మఱల నింపవలెను. ఖాళీగా ప్రత్తి కాలమునుండి మఱుసటి ప్రత్తి కాలమువఱకు మూలనుంచినచో లోన గట్టిపడి చచ్చును. ఒకదాని నియమమును వేఱొకదానికి అన్వయించి రెండింటిని చంపుకొనినవారిని మేమెఱుగుదుము.

మందు చల్లు డ్రోనులకు వత్తము. 2023లో ప్రకటింపబడిన నమో డ్రోన్ దీదీ పథకమున 15,000 మహిళా సంఘములకు డ్రోనులనిచ్చుటకు కేంద్ర ప్రభుత్వము సంకల్పించెను. ఖరీదులో నూటికి ఎనుబది వంతులు, 8 లక్షల రూపాయలకు మించకుండ, సహాయముగా నిర్ణయించిరి. ఈ డ్రోనుల చేతిపెట్టెలలో సామాన్యముగా లిథియము బ్యాటరీ లోననే అమర్చియుండును. ఎన్నుకొను బాధ లేదు. కాని మఱచిపోవు బాధ గలదు. డ్రోను బ్యాటరీలు కొన్ని నిమిషములకే మార్చవలసినవి గనుక జనరేటరువద్ద ఒక మనిషి వానిని చార్జి చేయుచునే యుండును. చేతిపెట్టె ఉదయమునుండి సాయంకాలమువఱకు ఒక్క నింపుతోనే నడచును; దాని తెర ఎండలో కనబడుటకై వెలుగు పెంచినకొలది బ్యాటరీ వేగముగా తగ్గును. దాని యంకె ఎవరికిని పట్టదు.

చేతిపెట్టె ఆరిపోయినచో డ్రోను తానే బయలుదేఱిన చోటికి తిరిగివచ్చునని అమ్మువారు చెప్పుదురు. నిజమే. ఉపగ్రహముల సహాయమున చాల డ్రోనులు అట్లు వచ్చును. కాని నడుమ కొబ్బరిచెట్లును, కరెంటు తీగెలును ఉన్నచో, తిరిగి వచ్చు ఎత్తును ముందుగా సరిగా నిర్ణయించియుండనిచో, అది తిరిగివచ్చుట కాదు, తగులుకొనుట. వేడుక విమానములలో పెక్కింటికి ఆ మాత్రపు జ్ఞానమును లేదు. సంకేతము పోయినప్పుడు ఇంజను ఆగునట్లు ముందుగా అమర్చుకొన్నచో ఆగును, లేనిచో కడపటి ఆజ్ఞనే పాలించుచు పోవును. కావున ప్రతి యెగురుటకు ముందును చేతిపెట్టె యంకెను బిగ్గఱగా చదివి ప్రక్కవానికి వినిపించు నియమము పెట్టుకొనుడు. నూటికి ముప్పదికి తగ్గినచో ఆ పూటకు క్రొత్తగా ఎగురవేయరాదు. ఎగురుచుండగా కూత పెట్టినచో, చాలు పూర్తికాకున్నను దింపవలెను. మిగిలిన చాలు రేపు చల్లవచ్చును.

కాలము తీరిన సెల్లులను చెత్తకుప్పలో కాల్చుటయు, పాడుబావిలో వేయుటయు కూడదు. 2022 సంవత్సరపు బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము వానిని తిరిగి సేకరించి శుద్ధిచేయించు బాధ్యత ఉత్పత్తిదారులపై నున్నది. కొన్న అంగడిలోనే అడిగి యీయుడు. ఉబ్బిన లిథియము సెల్లును నొక్కరాదు, గ్రుచ్చరాదు, మఱల చార్జి చేయరాదు. దాని రెండు కొనలకును అంటుటేపు వేసి, ఇసుక పోసిన మట్టికుండలో నుంచి, ఇంటి వెలుపల నీడపట్టున పెట్టి, పట్టణమునకు పోవునప్పుడు తీసికొనిపోవుడు.